కళ్ళు మూయని మనిషి

ఎస్తేరు రాణికి ఉన్న ఇల్లల్లా ఒక సూట్‌కేసు. అందులో ఒక పక్క బట్టలు. రెండో పక్క వెల్లుల్లి కారం సీసా, వాము, సొంఠి, ఎండబెట్టిన వేపపువ్వు, సాంబ్రాణి పొట్లం. వీటి మధ్య పాత చీరలో చుట్టిన చిన్న చెక్క పీట. ఆ పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, వాటి మీద పసిబిడ్డను పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంది. అదే ఆమె బతుకుతెరువు. అమెరికాలో తెలుగువాళ్ళ ఇంట్లో కాన్పు అయితే వెళ్ళి, తల్లికి పథ్యం వండిపెట్టి, బిడ్డకు నూనె రాసి నలుగు పెట్టి, ఒక నెలో రెండు నెలలో ఉండి, బిడ్డ మెడ నిలిపే వేళకు మరో ఇంటికి తరలిపోతుంది. ఎవరింట్లోనూ బిడ్డ నడవడం ఆమె చూడలేదు.

కొత్తలో ఒక ఇంట్లో సాంబ్రాణి పొగ వేస్తే ఇంటి పైకప్పుకు బిగించిన పొగ అలారం గోలగోలగా మోగి, ఫైరింజను వచ్చి గుమ్మం ముందు ఆగింది. అప్పటినుంచి ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు కుర్చీ ఎక్కి, ఆ అలారానికి షవర్ క్యాప్ తొడుగుతుంది. ఆ తర్వాతే కాళ్ళు కడుక్కుంటుంది.

ఆమెది బాపట్ల దగ్గర ఊరు. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోయాడు, పిల్లలు లేరు. న్యూజెర్సీ పార్సిప్పనీలో ఉన్న అన్న ఎప్పుడో పెట్టిన దరఖాస్తు ఏళ్ళు గడిచి గడిచి, ఆమెకు నలభై దాటాక ఫలించింది. గ్రీన్ కార్డుతో వచ్చింది. వచ్చిన రెండో ఏడు అన్న గుండె ఆగి పోయాడు. వదిన కొడుకు దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం తప్ప ఇంకేమీ రాని ఎస్తేరు రాణికి అప్పుడు దొరికినవాడు జితేందర్. బాలింతల ఇళ్ళకు మనుషుల్ని కుదిర్చే ఏజెంటు.

ఆ జితేందర్ ఆమె చెవిలో మొదటే ఒక మాట వేసి పెట్టాడు.

“చూడు రాణమ్మా, నీ కార్డు న్యూజెర్సీ అడ్రస్ మీద ఉంది. వేరే స్టేట్‌కి పోవాలంటే ముందు పోలీసులకి ఇన్ఫార్మ్ చెయ్యాలె. నీ తరఫున అది నేనే చేస్తున్న గనక నిన్ను ఎవరూ అడుగుతలేరు. నేను లేకుండ బోర్డర్ దాటినవనుకో, ఆపుతరు. ఆపితే ఇగ సీదా ఇండియాకే.”

ఆమె నమ్మింది. నమ్మకేం చేస్తుంది? టీవీలో రోజూ ఎవరినో ఒకరిని పట్టుకెళ్ళడం చూపిస్తూనే ఉన్నారు. ఎవరిని, ఎందుకు అన్నది ఆమెకు తెలియదు. తనను కూడా ఏదో ఒక రోజు అలాగే పట్టుకెళ్తారన్న భయం మాత్రం, ఇంట్లో తెలియకుండా పెరిగే పిల్లిలా ఆమె లోపల పెరుగుతూ వచ్చింది.

ఆ భయానికి ఒక ముఖం దొరికింది న్యూజెర్సీలోనే, పిస్కాటవేలో.

అక్కడ ఒక అమెరికన్ చర్చి కింది హాలులో ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు కూటం జరుగుతుంది. పాస్టరు భాస్కర్ వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఆదివారం వాక్యం చెబుతాడు. ఆయన భార్య రాధారాణి కీబోర్డు వాయిస్తుంది, పాటలు పాడిస్తుంది, చివర్లో కోడికూర వడ్డిస్తుంది. హాలు చివర, తలుపు పక్కన, గోడకు ఆనించిన కుర్చీలో ఒకాయన కూర్చుంటాడు. వెడల్పాటి భుజాలు, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, ఎన్నాళ్ళుగానో నిద్ర చాలనట్టుండే కళ్ళు. పేరు దానియేలు. కౌంటీ షెరీఫ్ ఆఫీసులో ఆఫీసరు. అంటే పోలీసే.

ఒక ఆదివారం అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా ఎస్తేరు రాణి ఒళ్ళోని ఫోను వణికింది. జితేందర్. ఆమె ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. హాలంతా వంగిన తలలు. ఒక్క తల మాత్రం నిటారుగా ఉంది. దానియేలు కళ్ళు తెరిచే ఉన్నాయి. తిన్నగా ఆమెనే చూస్తున్నాయి.

తర్వాతి వారం ప్రార్థన మధ్యలో రెప్పల సందులోంచి చూసింది. మళ్ళీ అదే చూపు. ఆ పై వారం వెళ్ళి స్తంభం చాటున కూర్చుంది. ఆయన కుర్చీ కూడా గోడ వెంబడి కాస్త పక్కకు జరిగింది.

దేవుడి సన్నిధిలో కూడా కళ్ళు మూయకుండా కనిపెట్టి చూస్తున్నాడంటే దేనికి? ఇంకేముంది, అనుకుంది ఎస్తేరు రాణి. సంఘంలో అందరినీ బ్రదర్ అని పిలిచే మనిషి, ఆయన ఎదురుపడితే మాత్రం “వందనాలు సార్” అని తల దించుకుని తప్పుకునేది.

సెప్టెంబరు చివర్లో నార్త్ కెరొలైనాలోని మోరిస్‌విల్ నుంచి శ్రీవిద్య ఫోన్ చేసింది. మూడేళ్ళ కిందట పిస్కాటవేలో ఉన్నప్పుడు ఆమె మొదటి బిడ్డ హంసికకు నీళ్ళు పోసింది ఎస్తేరు రాణే. ఇప్పటికీ హంసికను అప్పుడప్పుడు వీడియోలో చూపిస్తూ ఉంటుంది.

“ఆంటీ, రెండోది కూడా మీ చేతుల మీదే అని మాటిచ్చారు, గుర్తుందా? అమ్మకి వీసా రాలేదు. మా ఆయన తేజ్ ఒక్కడే ఏం చేస్తాడు, డైపర్ కూడా తిరగేసి పెడతాడు. మీరు రాకపోతే నేను డెలివరీ పోస్ట్‌పోన్ చేసుకుంటా, అంతే.”

“పిచ్చి మాటలు. వస్తానమ్మా, తప్పకుండా వస్తా.”

జితేందర్‌కు చెబితే కుదరదన్నాడు. షికాగోలో వేరే ఇల్లు ఒప్పుకున్నాడట. శ్రీవిద్య నేరుగా ఆమెనే పిలవడం ఆయనకు నచ్చలేదు. ఎస్తేరు రాణి ఆ రాత్రంతా ఆలోచించి, జీవితంలో మొదటిసారి ఆయన మాట కాదని, బస్సులో వెళ్ళిపోదామనుకుంది. ఆ సంగతి రాధారాణి చెవిన వేసింది.

“అంత సూట్‌కేసు వేసుకుని బస్సులోనా? నడుం విరుగుద్ది అక్కా” అంది రాధారాణి. సంఘంలో ఇద్దరు ముగ్గురిని అడిగి చూసి, మర్నాడు ఫోన్ చేసింది. “దానియేలు బ్రదర్‌కి మోరిస్‌విల్‌లో ఏదో పని ఉందంట. గురువారం వెళ్తున్నాడు. డ్రాప్ చేస్తాడులే, నేను చెప్తాను.”

ఎస్తేరు రాణి ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. వద్దంటే ఎందుకంటారు. ఏం చెప్పాలి?

గురువారం పొద్దున పాస్టరు ఇంటి ముందు కారు ఆగింది. ఆ సంఘంలో ఎవరు ఊరికి బయల్దేరినా ప్రార్థన కాకుండా బండి కదలదు. భాస్కర్ కారు బానెట్ మీద చెయ్యి వేశాడు. న్యూజెర్సీ మొదలుపెట్టి నార్త్ కెరొలైనా వరకూ దారిలో తగిలే ప్రతి స్టేటు పేరూ ఎత్తి, ప్రతి సరిహద్దూ క్షేమంగా దాటించమని వేడుకున్నాడు. ఒక్కో పేరుకీ ఎస్తేరు రాణి చేతిసంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంటోంది. రెప్పల సందులోంచి చూసింది. కారుకు అవతలి పక్క దానియేలు నిలబడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి చూసి, ఆమె మీదికి వచ్చి ఆగాయి.

“ఆమెన్” అన్నారందరూ.

ఆయన మర్యాదగా వెనక తలుపు తీశాడు. పట్టుబడ్డవాళ్ళను పోలీసులు వెనక సీట్లోనే కూర్చోబెడతారని ఆమె టీవీలో చూసింది. చేతిసంచీలో గ్రీన్ కార్డు ఉందో లేదో తడుముకుని, ఎక్కి కూర్చుంది.

టర్న్‌పైక్ అనే పెద్ద రహదారి ఎక్కారు. ఆకులు రంగు మారే రోజులు. చెట్లన్నీ మంట పెట్టినట్టున్నాయి. చివరికి ఆయనే అడిగాడు.

“బువ్వ తిన్నారా?”

ఆ మాటకు ఆమె ఆశ్చర్యపోయింది. పెద్ద మనుషులెవరూ అలా అడగరు. చిన్నపిల్లల మాట అది.

“తిన్నానండి.”

“నా తెలుగు అట్టాగే ఉంటది. నవ్వకండి. పదిహేనేళ్ళప్పుడు అమ్మతో వచ్చేశా. అమ్మ నర్సు. అప్పుడు ఏ తెలుగు ఉందో అదే ఉండిపోయింది. మాది చీరాల.”

చీరాలంటే తమ ఊరి పక్కనే. వేరే ఎవరైనా అయితే ఎవరి తాలూకు, ఏ పేట అని ఆరా తీసేది. ఇప్పుడు మాత్రం “ఓహో” అని ఊరుకుంది.

వంతెన వచ్చింది. ఎత్తయిన పెద్ద వంతెన, కింద వెడల్పాటి నది. దిగగానే పచ్చటి బోర్డు. ఆమె కూడబలుక్కుని చదివింది: డెలావేర్. ఎవరూ ఆపలేదు. ఆయన ఆపలేదు. కాసేపటికి మేరీలాండ్ బోర్డు వచ్చింది. అక్కడా ఏమీ జరగలేదు. ఎక్కడో అప్పజెప్పాలని ముందే మాట్లాడుకుని ఉంటాడు, అనుకుందామె.

మధ్యాహ్నం ఒకచోట ఆగారు. ఆయన కాఫీ తెచ్చుకుని, బల్ల మీద మోచేతులు ఆనించి, అరచేతుల్లో మొహం రుద్దుకున్నాడు. ఎస్తేరు రాణి సంచీలో పులిహోర డబ్బా ఉంది. పట్టించేవాడైనా సరే, ఆకలితో ఉన్న మనిషిని ఎదురుగా పెట్టుకుని తాను ఒక్కతే తినడం ఆమెకు చేతకాదు. కాగితం ప్లేటులో పెట్టి ఆయన ముందుకు తోసింది. ఆయన ప్లేటు వంక చూసి, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

“మీకు ఉద్యోగంలో...” ఆమె ఆగింది. అడక్కూడదనుకుంటూనే అడిగింది. “ఏం చేస్తుంటారు సార్?”

“బ్యాంకులు జప్తు చేసిన ఇళ్ళు ఖాళీ చేయిస్తా. పొద్దున్నే వెళ్ళి తలుపు కొట్టడం. వాళ్ళు తెరిచి నన్ను చూడటం.” ప్లేటును సగానికి మడిచాడు. “ఇంక చాలు అని రిటైర్మెంట్ పేపర్స్ పెట్టేశా. డిసెంబర్‌తో అయిపోద్ది.”

ఆయన ప్లేట్లు పారేయడానికి వెళ్ళినప్పుడు ఫోను మోగింది. జితేందర్.

“ఎక్కడున్నవ్? నాకు తెల్వదనుకున్నవా? ఆ శ్రీవిద్య దగ్గరికేనా పోయేది? విను మంచిగ. నేను పోలీసులకి చెప్పేసిన. వర్జీనియా బోర్డర్ కాడ ఉంటరు నీకోసం. ఇప్పుడన్న వాపస్ రా, నేను మాట్లాడి సర్దుబాటు చేస్త.”

ఆమె ఫోను పెట్టేసింది. వెనక్కి పోవడమా? పోతే శ్రీవిద్య ఒక్కతే. మాటిచ్చింది. పట్టుకుంటే పట్టుకోనీ. ఒక్కటే ఆశ, బతిమాలుకుంటే కొన్నాళ్ళు గడువు ఇవ్వరా? దానియేలుకూ ఒక తల్లి ఉండేది కదా, నర్సని చెప్పాడు కదా.

వర్జీనియా బోర్డు దాటారు. ఎర్రటి పిట్ట బొమ్మ ఉంది దాని మీద. దాటాక చాలాదూరం వెళ్ళారు. ఉన్నట్టుండి కార్లన్నీ నెమ్మదించాయి. దానియేలు ముందుకు తొంగి చూసి, బండిని పక్కదారిలో రెస్ట్ ఏరియాలోకి మళ్ళించాడు. అక్కడ, బాత్రూముల భవనం ముందు, స్టేట్ పోలీసు కారు నిలబడి ఉంది. దాని పక్కన టోపీ పెట్టుకున్న స్టేట్ పోలీసు, ట్రూపరు.

“ఒక్క నిమిషం కూర్చోండి” అని దానియేలు దిగి, తిన్నగా ఆ ట్రూపరు దగ్గరికే వెళ్ళాడు. జేబులోంచి ఏదో తీసి చూపించాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. మాట్లాడుకుంటున్నారు. ట్రూపరు చెయ్యెత్తి రోడ్డు వైపు చూపించాడు. దానియేలు తల ఊపి, వెనక్కి తిరిగి కారు వైపు చూశాడు.

అయిపోయింది, అనుకుంది ఎస్తేరు రాణి.

వాళ్ళొచ్చి రెక్క పట్టుకుని దింపడం ఎందుకు? తానే దిగింది. కొంగు సర్దుకుంది. గ్రీన్ కార్డు చేతిలో పట్టుకుని, దారి పొడుగునా మనసులో కూర్చుకున్న ఇంగ్లీషు ఒక్కో మాటే తీస్తూ నడిచింది. ఇద్దరి ముందూ నిలబడి, కార్డు ట్రూపరుకు చాపింది.

“సార్. ఐ యామ్ ఎస్తేరు రాణి. ఐ కమ్. నో రన్నింగ్. బట్ ఫస్ట్, బేబీ. వన్ మంత్ బేబీ బాత్. తర్వాత... దెన్ ఐ కమ్, మైసెల్ఫ్. ప్రామిస్.”

ట్రూపరు కార్డు వంకా, ఆమె వంకా, దానియేలు వంకా చూశాడు. “మ్యామ్, ఆర్ యూ ఓకే?”

దానియేలుకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఆ ముఖంలో ఏదో మెల్లగా కుంగింది. ఆమె చాపిన చేతిని తాకకుండా, ఆ కార్డును మాత్రం తీసి, తిరిగి ఆమె సంచీలో పెట్టాడు.

“షి ఈజ్ ఫైన్, ఆఫీసర్. షి ఈజ్ విత్ మీ” అన్నాడు. ఆ పైన తెలుగులో, “రండి. అక్కడ కూర్చుందాం.”

చెక్క బెంచీ మీద కూర్చున్నారు. ఆయన మిషన్ నుంచి వేడి టీ తెచ్చిచ్చాడు. అది టీలా లేదు గానీ ఆమె రెండు చేతులతో పట్టుకుంది. జితేందర్ చెప్పినదంతా చెప్పింది. బోర్డర్లు, పోలీసులు, షికాగో, శ్రీవిద్య. ఆయన నవ్వలేదు.

“ట్రూపర్ని నేనడిగిందేంటో తెలుసా? ముందర యాక్సిడెంటు అయింది, రోడ్డు బ్లాకు. ఏ ఎగ్జిట్ తీసుకోమంటారని” అన్నాడు. “రాణి గారూ, ఆ కార్డుంటే మీరు అమెరికా మొత్తం తిరగొచ్చు. ఏ స్టేటైనా. ఎవర్నీ అడగక్కర్లే. బోర్డర్ దగ్గర ఎవరూ ఉండరు. బోర్డే ఉంటది.”

“ఎవరూ ఉండరా?”

“ఉండరు.”

“మరి ఇన్నాళ్ళూ...”

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. జితేందర్ మీద, నమ్మిన తన మీద. ఆ వేడి చల్లారకముందే అది పక్కన కూర్చున్న మనిషి మీదికి తిరిగింది.

“మరి మీరెందుకు నన్నలా చూస్తారు? ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే మీరు మూసుకోరు. నన్నే చూస్తారు. స్తంభం వెనక కూర్చుంటే కుర్చీ జరుపుకుని మరీ చూస్తారు. పోలీసాయన అలా చూస్తే ఏమనుకోవాలి?”

దానియేలు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేల వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“చర్చిల్లో కాల్పులు జరుగుతున్నాయి కదా అప్పుడప్పుడు. పాస్టరు గారు అడిగారు, కాస్త తలుపు దగ్గర కూర్చోండని. అందరూ కళ్ళు మూసుకుంటే ఎవరో ఒకరు చూడాలిగా. ముందు తలుపు, తర్వాత కిటికీలు, తర్వాత మళ్ళీ తలుపు. అట్టా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి ఎన్నాళ్ళయిందో. మా ఆవిడ పోయినప్పుడు కూడా హాస్పిటల్లో తలుపు వైపే చూస్తూ కూర్చున్నా. అలవాటు.”

“అది తలుపు సంగతి. నా సంగతి?”

ఆయన బెంచీ మీద రాలిన ఆకు ఒకటి తీసి కింద వేశాడు.

“తలుపు, కిటికీలు చూశాక కొంచెం టైం మిగులుతుంది” అన్నాడు చివరికి. “ప్రార్థనలో మీ మొహం బాగుంటది. అంతే. తప్పే. సారీ.” అరచేతులు తిరగేసి చూసుకున్నాడు. “నేను తలుపు కొడితే సంతోషించినవాళ్ళు ఎవరూ లేరు, ఇన్నేళ్ళలో. తెరవగానే మొహాలు మారిపోతాయి. మీరు కార్డు పట్టుకుని నడిచొస్తుంటే మీ మొహం కూడా అట్టాగే ఉంది. ఇంక ఈమె కూడానా అనిపించింది.”

ఎస్తేరు రాణి చల్లారిపోయిన టీ గుటక వేసింది. తర్వాత మెల్లగా, “నేను చూసింది మాత్రం తప్పు కాదా?” అంది. “మీ కళ్ళు తెరిచి ఉన్నాయని నాకెలా తెలిసింది? నావీ తెరిచే ఉన్నాయిగా.”

ఆయన మొహం ఎత్తాడు. నవ్వినప్పుడు ఆ కళ్ళు ఇలా ఉంటాయని ఆమె అనుకోలేదు.

ఫోను మళ్ళీ మోగింది. పేరు చూసి ఆయన చెయ్యి చాపాడు. “నేను మాట్లాడనా?”

“వద్దు. మీరు పోలీసుగా మాట్లాడారంటే రేపు నాకు మళ్ళీ ఇంకో పోలీసు కావాలి.” ఫోను ఎత్తింది. “జితేందర్ గారూ, నేను వర్జీనియాలో ఉన్నాను. బోర్డర్ దాటి చాలాసేపైంది. మీరు చెప్పిన పోలీసాయన పక్కనే ఉన్నాడు, మా పులిహోర తిన్నాడు. ఇమ్మంటారా ఫోను?”

అవతల లైను తెగిన శబ్దం.

“పోయాడు” అంది ఆశ్చర్యంగా. ఇన్నేళ్ళ భయం ఇంత తేలికగా పోతుందని ఎవరూ చెప్పలేదు ఆమెకు.

రోడ్డు ఇంకా తెరవలేదు. కారు దగ్గరికి వచ్చారు. ఆయన వెనక తలుపు తీయబోతే ఆమె అడ్డం తిరిగి ముందు తలుపు తీసుకుని కూర్చుంది. ఆయన తాళం తిప్పబోయాడు.

“ప్రార్థన చేయకుండానా?” అంది.

“పొద్దున అయిందిగా.”

“అది వాళ్ళు చేసింది. మనం చేయలేదు.” కొంగు తల మీదికి లాక్కుంది. “నేను చేస్తా. మీరు కళ్ళు మూసుకోండి.”

“నాకు అది...”

“నేను చూస్తుంటా. ముందు అద్దం, పక్క అద్దం, వెనక అద్దం. ఎవరైనా వస్తే చెప్తా. మూసుకోండి దానియేలు గారూ.”

సార్ కాకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అది ఇద్దరికీ తెలిసింది. ఆయన స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అద్దంలోకి ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకున్నాడు. రెప్పలు కొంతసేపు అదురుతూనే ఉన్నాయి.

ఎస్తేరు రాణి కళ్ళు తెరుచుకునే ప్రార్థన మొదలుపెట్టింది. శ్రీవిద్య కోసం, లోపలున్న బిడ్డ కోసం. ముందర దెబ్బలు తగిలినవాళ్ళ కోసం. జితేందర్‌కు బుద్ధినిమ్మని. ఈయన తలుపులు కొట్టిన ఇళ్ళవాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట నీడ దొరికి ఉండాలని. అక్కడికి వచ్చేసరికి పక్కన ఊపిరి బరువెక్కడం వినిపించింది. గడ్డం ఛాతీ మీదికి వాలింది. నుదుటి మీద ముడత విప్పారింది. నిద్రపోతున్నాడు.

ఇప్పుడు ఆమెన్ అంటే ఆ మాటకు కళ్ళు తెరుస్తాడు. ఎన్నాళ్ళ నిద్రో అది. అందుకని ఆమె ప్రార్థన ఆపలేదు. తాను నీళ్ళు పోసిన బిడ్డలను తలుచుకుంది. వేద, శ్రేయాస్, ఆరవ్, హంసిక... ఒక్కొక్కరి పేరూ, ఎవరు గుక్కపట్టి ఏడ్చేవారో, ఎవరు నీళ్ళు పడగానే నవ్వేవారో, అంతా గొంతు తగ్గించి దేవుడికి చెప్పుకుంది. పేర్లు అయిపోయాయి. బిడ్డలను జోకొట్టేటప్పుడు తీసే రాగమే సన్నగా తీసింది. ఆ తర్వాత ఊరికే కూర్చుంది, అద్దాలు చూసుకుంటూ.

రోడ్డు తెరిచారని చెప్పడానికి కాబోలు ట్రూపరు కారు దగ్గరికి వచ్చి అద్దం మీద వేలితో కొట్టబోయాడు. ఎస్తేరు రాణి కళ్ళు పెద్దవి చేసి, పెదవుల మీద వేలు పెట్టి “ష్ష్” అంది. అంత పొడుగు మనిషీ టోపీ అంచు తాకి, మునివేళ్ళ మీద వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆయన లేచేసరికి ఎండ పక్క సీట్లోకి వచ్చింది. కంగారుగా నాలుగు వైపులా చూశాడు.

“ఏమీ కాలేదు. నేను చూస్తూనే ఉన్నా” అంది ఆమె.

“ప్రార్థన అయిపోయిందా?”

“ఇంకా లేదు. ఆమెన్ అనలేదు.”

“అనండి మరి.”

ఎస్తేరు రాణి కిటికీ వైపు తిరిగింది. “ఇంతకీ మోరిస్‌విల్‌లో మీకేం పని? అడుగుదామని మర్చిపోయా.”

దానియేలు తాళం తిప్పాడు. ఇంజను లేచింది. “పనేం లేదు. రాధారాణి సిస్టర్‌తో అట్టా చెప్పా, అంతే.”

“అబద్ధం. అదీ పాస్టరు గారి భార్యతో!”

“అవును.”

“అయితే పని నేనిస్తా. శ్రీవిద్యకి కాన్పయి, బిడ్డకి నెల నిండాక నన్ను తీసుకెళ్ళడానికి రండి. ఆ ఆమెన్ అప్పుడు అందాం, ఇద్దరం కలిసి.” కొంగు అంచు వేలికి చుట్టుకుంది. “ఆ తర్వాత ఏ ఇల్లు, ఏ ఊరు అన్నది కూడా అప్పుడే అనుకుందాం. మీరు రిటైర్ అవుతున్నారుగా.”

ఆయన రోడ్డు వైపు చూస్తూ తల ఊపాడు.

నార్త్ కెరొలైనా బోర్డు వచ్చినప్పుడు ఆమె దాన్ని పైకే చదివింది, ఒక్కో అక్షరం విడదీసి. తప్పు చదివిందేమో, ఆయన దిద్దలేదు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే మోరిస్‌విల్ చేరారు. ఒకే పోలికలో ఉన్న ఇళ్ళ వరుసలో ఒక గుమ్మానికి మామిడాకుల ప్లాస్టిక్ తోరణం కట్టి ఉంది. దానియేలు సూట్‌కేసు మోసుకొచ్చి దించి, అలవాటు ప్రకారం తలుపుకు ఎదురుగా కాకుండా గోడ పక్కకు ఒదిగి నిలబడ్డాడు. ఎస్తేరు రాణి చూసింది. చొక్కా చెయ్యి పట్టుకుని తలుపు ముందుకు లాగింది.

“కొట్టండి” అంది.

“బెల్లుందిగా.”

“కొట్టండి, మీరే.”

ఆయన వేళ్ళు మడిచి, ఎవరినో నిద్ర లేపుతానేమో అన్నంత మెల్లగా కొట్టాడు. లోపల చిన్న పాదాలు పరిగెత్తిన చప్పుడు. గడియతో పెనుగులాట. తలుపు తెరుచుకుంది. మూడేళ్ళ హంసిక తల పైకెత్తి, ఆ పెద్ద మనిషిని కింది నుంచి పై వరకూ చూసింది. ఆయన మామూలుగానే, ఆ మొహం మారడం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

మారింది. నోరంతా తెరిచి నవ్వింది.

“అమ్మా! రాణి ఆంటీ వచ్చింది! ఒక అంకుల్‌ని కూడా తెచ్చింది!”

“లోపలికి రమ్మను అంకుల్‌ని, గుమ్మంలో నిలబెట్టకు” అని శ్రీవిద్య లోపలి నుంచి కేకేసింది.

హంసిక ఆయన చూపుడువేలు పట్టుకుంది. దానియేలు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, వీధినీ కారునీ కాకుండా, ఎస్తేరు రాణిని. ఆ తర్వాత చెప్పులు విప్పి, తల కొంచెం వంచి, లోపలికి అడుగు పెట్టాడు.